స్కూల్లో ఏడిపిస్తున్నారని పిల్లలు చెప్పిన రాత్రి ఏం చేయాలి

స్కూల్లో తనను ఏడిపిస్తున్నారని పిల్లాడు నోరు విప్పగానే బెంగళూరులోని మన తెలుగు ఇళ్లలో జరిగేది దాదాపు ఒకటే. నాన్న ఫోన్ తీసి క్లాస్ టీచర్ నంబర్ వెతుకుతాడు. అమ్మ అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఆ అవతలి పిల్లాడి తల్లి ఎవరో ఆరా తీస్తుంది. ప్రిన్సిపాల్‌ని ఎలా నిలదీయాలో, టీసీ తీసుకుంటే మధ్యలో ఎవరు చేర్చుకుంటారో అని అర్ధరాత్రి దాకా చర్చ సాగుతుంది. ఈ హడావిడిలో ఎవరూ అడగనిది ఒకటుంటుంది. 'నీకు చచ్చిపోవాలని అనిపిస్తోందా?' అన్న ప్రశ్న. ఫిర్యాదు రేపు పొద్దున రాసుకోవచ్చు. ఈ రాత్రి చేయాల్సిన పని ఆ ప్రశ్న అడగడం, జవాబును బట్టి ఇంటిని సర్దుకోవడం. వరస తప్పితే స్కూలు మీద పోరాటంలో గెలిచినా పిల్లాడి పరిస్థితి మారకపోవచ్చు.

2023లో దేశంలో 13,892 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారని జాతీయ నేర రికార్డుల సంస్థ ఎన్‌సీఆర్‌బీ లెక్క. అందులో ఒక్కో మరణానికీ ఒక్కో కారణం అంటగట్టడం వార్తలకు అలవాటు గానీ, నిజం అంత సూటిగా ఉండదు. తోటివాళ్లు ఏడిపించిన పిల్లల్లో చాలామంది ఆ దశ దాటి వచ్చేస్తారు. దానికి నిద్రలేమి, డిప్రెషన్, ఇంట్లో గొడవలు, మార్కుల భయం, చెప్పుకోవడానికి ఎవరూ లేకపోవడం తోడైనప్పుడు ప్రమాదం పెరుగుతుంది. పరిశోధనల్లో మళ్లీ మళ్లీ తేలిన విషయం ఇంకొకటి ఉంది. ఆత్మహత్య ఆలోచనలు ఏడిపించబడే పిల్లల్లోనే కాదు, ఏడిపించే పిల్లల్లోనూ మామూలుకన్నా ఎక్కువ. ఒకచోట దెబ్బలు తిని ఇంకోచోట కొట్టే పిల్లల్లో అందరికన్నా ఎక్కువ. 'నువ్వూ తిరిగి రెండు పీకు' అని నాన్నలు ఇచ్చే సలహా పిల్లాణ్ని సరిగ్గా ఆ మూడో గుంపులోకి నెడుతుంది.

పిల్లలన్నాక ఒకరినొకరు ఆట పట్టించుకోరా అని అడిగేవాళ్లకు, బుల్లీయింగ్‌కి, అంటే ఇలాంటి ఏడిపింపుకి, నార్వే మనస్తత్వవేత్త డాన్ ఓల్వేయస్ పెట్టిన మూడు గుర్తులు ఇప్పటికీ సరిపోతాయి. కావాలని చేయడం, మళ్లీ మళ్లీ చేయడం, బలంలో తేడా ఉండటం. మూడోదే అసలైనది. ఆ దేశంలో ముగ్గురు అబ్బాయిల ఆత్మహత్యల తర్వాత 1983లో దేశవ్యాప్తంగా స్కూళ్లలో బుల్లీయింగ్‌ని అరికట్టే కార్యక్రమం మొదలైంది. అప్పటిదాకా అక్కడ కూడా దాన్ని పిల్లల గొడవ అనే అనుకున్నారు.

బలం అంటే కండబలం ఒక్కటే కాదు. ఏడో తరగతిలో కర్నూలు నుంచో విజయవాడ నుంచో వచ్చి మారతహళ్లిలోనో కేఆర్ పురంలోనో స్కూల్లో చేరిన పిల్లాణ్ని చూడండి. కన్నడ లిపి మన లిపికి దగ్గర కాబట్టి పుస్తకం నెమ్మదిగా కూడబలుక్కుంటాడు. లంచ్ బ్రేక్‌లో గుంపు మాట్లాడుకునే కన్నడ, ఇంగ్లిష్ కలగలుపు మాత్రం చెవికి అందదు. జోక్ అర్థమయ్యేలోపు అందరూ నవ్వేసి ఉంటారు. బస్సులో సీట్లు ఎల్‌కేజీ నుంచి కలిసి చదివిన జట్లవి. యాసను వెక్కిరిస్తారు, 'గుల్టీ' అని, తెలుగువాళ్లను ఎగతాళి చేసే మాటతో పిలుస్తారు, టీచరూ చిన్నగా నవ్వుతుంది. ఆ రోజుతో అతని పేరు అదే అయిపోతుంది.

ఇంటికొచ్చి ఎందుకు చెప్పడంటే, అమ్మానాన్న తన కోసమే ఊరు వదిలి వచ్చారని చాలాసార్లు విని ఉంటాడు. ఆత్మహత్య మీద పనిచేసిన అమెరికన్ మనస్తత్వవేత్త థామస్ జాయినర్ రెండు భావాలు కలిసినప్పుడు చావు కోరిక పుడుతుందంటాడు. నేను ఎవరికీ చెందను అనేది ఒకటి, నేను అందరికీ భారం అనేది రెండోది. మొదటిది స్కూలు ఇస్తుంది. 'ఇంత ఫీజు కడుతున్నాం, నీ కోసమే కదా ఈ ట్రాఫిక్‌లో చస్తున్నాం' అని మనం విసుగులో అనే మాట రెండోదాన్ని జోడిస్తుంది. ఈ మాట ఇంట్లో వినిపిస్తుంటే ఈ రోజే ఆపేయండి.

గుర్తుల విషయంలో ఒక్కటి దగ్గరగా చూడమంటాను. వాటర్ బాటిల్. పొద్దున నింపి పంపిన బాటిల్ సాయంత్రం నిండుగానే వస్తుంటే, పిల్లాడు ఇంట్లో అడుగు పెట్టగానే బ్యాగు కూడా దించకుండా బాత్రూమ్‌కి పరుగెడుతుంటే, స్కూల్లో టాయిలెట్‌కి వెళ్లడం మానేశాడని అర్థం. వెళ్లాల్సి వస్తుందనే నీళ్లు తాగడం మానేశాడు. టీచర్ల కన్ను పడని చోటు అదే కాబట్టి, ఏడిపింపు తరచూ అక్కడా, స్కూలు బస్సు వెనక సీట్లలోనూ, పీటీ పీరియడ్‌కి బట్టలు మార్చుకునే చోటా జరుగుతుంది. ఆదివారం సాయంత్రం కడుపునొప్పి, శుక్రవారం సాయంత్రానికి మాయం. టిఫిన్ బాక్స్ అలాగే తిరిగి రావడం. జామెట్రీ బాక్సులు పోవడం. ఏప్రిల్ ఎండలోనూ ఫుల్ హ్యాండ్స్ విప్పకపోవడం, అంటే చేతుల మీద గాట్లు ఉండొచ్చు.

ఇవి గమనించి, ఓపిగ్గా కనుక్కోవాల్సిన గుర్తులు. అదే రోజు కదలాల్సినవి వేరే ఉన్నాయి. ఇష్టమైన బ్యాటో, వాచీయో తమ్ముడికి ఇచ్చేయడం, 'నేను లేకపోతే మీకు హాయి' అనడం, స్నేహితులకు క్షమాపణల మెసేజీలు పెట్టడం, చావు గురించి నెట్‌లో వెతకడం, వారాల తరబడి కుమిలిన పిల్లాడు కారణం లేకుండా హఠాత్తుగా ప్రశాంతంగా మారడం. చివరిదాన్ని చూసి 'హమ్మయ్య, తేరుకున్నాడు' అనుకుంటారు. అది ఏదో నిర్ణయానికి వచ్చేసిన ప్రశాంతత కూడా కావచ్చు.

ఇక అడగడం. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమో అన్న భయం చాలా బలమైనది, కానీ తప్పు. న్యూయార్క్ హైస్కూళ్లలో 2,342 మంది విద్యార్థులతో చేసి 2005లో ప్రచురించిన అధ్యయనంలో ఆత్మహత్య గురించి అడిగిన పిల్లలకు బాధగానీ, ఆ ఆలోచనలుగానీ పెరగలేదు. అప్పటికే డిప్రెషన్‌లో ఉన్నవాళ్లకు కాస్త ఉపశమనం కనిపించింది.

నానమ్మ, చెల్లి, టీవీ ఉన్న హాల్లో అడగకండి. అమ్మానాన్నల్లో పిల్లాడికి ఎవరి దగ్గర చనువెక్కువో వాళ్లు, గది తలుపు దగ్గరగా వేసి, ఫోన్ బయట పెట్టి, పక్కన కూర్చోండి. ముందు స్కూలు సంగతి మొత్తం చెప్పనివ్వండి, మధ్యలో 'మరి నువ్వేమన్నావ్' అని అడ్డు తగలొద్దు. తర్వాత నేరుగా అడగండి. 'నాన్నా, ఇంత కష్టంగా ఉన్నప్పుడు కొంతమందికి చచ్చిపోతే బాగుండు అనిపిస్తుంది. నీకెప్పుడైనా అలా అనిపించిందా?' 'అలాంటి పిచ్చి ఆలోచనలేం లేవు కదా?' అని అడిగితే వచ్చేది ఒక్కటే జవాబు. లేదు.

అవునంటే ఆగిపోకూడదు. ఆసుపత్రుల్లో పదేళ్లు దాటిన పిల్లలకు వాడే ఏఎస్‌క్యూ అనే చిన్న ప్రశ్నావళి ఉంది, నాలుగే ప్రశ్నలు. ఈ మధ్య చచ్చిపోతే బాగుండు అనిపించిందా? నువ్వు లేకపోతే ఇంట్లోవాళ్లకు మేలు అనిపించిందా? ఈ వారంలో ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన వచ్చిందా? ఇదివరకు ఎప్పుడైనా ప్రయత్నించావా? ఏ ఒక్కదానికి అవునన్నా ఐదోది అడుగుతారు. ఇప్పుడు, ఈ నిమిషంలో ఆ ఆలోచన ఉందా? మనం డాక్టర్లం కాకపోయినా ఇదే వరసలో అడగొచ్చు. ఎలా చేయాలో కూడా ఆలోచించావా అన్నది మాత్రం తప్పకుండా కలపాలి.

జవాబు వినగానే మన గుండె ఆగినంత పనవుతుంది. అప్పుడు నోట వచ్చే మాటలే చాలాసార్లు తలుపు మూసేస్తాయి. 'నా మీద ఒట్టు, అలాంటి పని చేయనని చెప్పు' అని తల మీద చెయ్యి పెట్టించుకోవడం మన ఇళ్లలో మామూలు. ఒట్టు ఏ ప్రాణాన్నీ కాపాడదు. మళ్లీ ఆ ఆలోచన వచ్చినప్పుడు ఒట్టు తప్పుతున్నానన్న నేరభావంతో చెప్పకుండా దాచేలా చేస్తుంది. 'ఎవరికీ చెప్పనులే' అని మాట ఇవ్వడం కూడా పొరపాటే, చెప్పాల్సి వస్తుంది. 'చెప్పావు, మంచి పని చేశావు. ఇది నువ్వొక్కడివే మోయక్కర్లేదు. ఎవరికి చెప్పాలో ఇద్దరం కలిసి చూద్దాం' అంటే చాలు.

ఇప్పుడే ఉంది అన్నా, ఎలా చేయాలో ఆలోచించాను అన్నా, ముందొకసారి ప్రయత్నించి ఉన్నా ఆ రాత్రి పిల్లాణ్ని ఒక్క నిమిషం కూడా ఒంటరిగా వదలొద్దు. హోసూర్ రోడ్డులోని మానసిక ఆరోగ్య ఆసుపత్రి నిమ్హాన్స్‌లో ఎమర్జెన్సీ 24 గంటలూ ఉంటుంది. వాహనం లేకపోతే 108, అత్యవసరమైతే 112. ఆలోచన మాత్రమే ఉండి, ప్రయత్నంగానీ పథకంగానీ లేకపోతే ఒకటి రెండు రోజుల్లో పిల్లల సైకియాట్రిస్టుకు గానీ క్లినికల్ సైకాలజిస్టుకు గానీ చూపించాలి, ఆలోపు ఎవరో ఒకరు అదే గదిలో పడుకోవాలి. ఏం చేయాలో తోచకపోతే 14416. ఇది టెలీ మానస్, 2022 అక్టోబర్ 10న కేంద్రం మొదలుపెట్టిన ఉచిత లైను, దాని ప్రధాన కేంద్రం నిమ్హాన్సే. తెలుగులో మాట్లాడొచ్చు, పిల్లలే కాదు తల్లిదండ్రులూ చేయొచ్చు. పిల్లాడి వయసు, వాడు అన్న మాటలు అన్నట్టుగానే, ఇప్పుడు పక్కన ఎవరున్నారు అన్న మూడూ ముందే చెప్పండి. పిల్లల కోసం 1098 కూడా 24 గంటలూ పనిచేస్తుంది.

అదే రాత్రి ఇల్లంతా ఒకసారి తిరగాలి. తాతయ్య బీపీ, షుగరు మాత్రలు, నిద్రమాత్రలు, ఫ్రిజ్ మీద ప్లాస్టిక్ డబ్బాలో ఉండే మిగిలిపోయిన స్ట్రిప్పులు అన్నీ తాళం పడే బీరువాలోకి వెళ్లాలి. బయట ఉంచేది రెండు మూడు రోజులకు సరిపడా మాత్రమే. తాళంచెవి వంటింటి తలుపు వెనక మేకుకు తగిలించడం మన అలవాటు, పిల్లలకు ఆ చోటు మనకన్నా బాగా తెలుసు. అది మీ ఒంటి మీదే ఉండాలి. పై అంతస్తుల్లో ఉండేవాళ్లు టెర్రస్ తలుపుకు తాళం వేయించాలి, పిల్లాణ్ని బాల్కనీ ఉన్న గదిలో పడుకోబెట్టకూడదు. దసరాకో వేసవికో ఊరు వెళ్తే పొలం మందుల డబ్బాలు ఇంట్లో లేకుండా ముందే ఫోన్ చేసి తీయించాలి. చనిపోవాలనుకున్నవాణ్ని తాళం ఆపుతుందా అని అడిగేవాళ్లకు జవాబు, చాలాసార్లు ఆపుతుంది. ఆ ఉధృతి ఎక్కువగా నిమిషాల్లో, గంటల్లో తగ్గిపోతుంది, ఆ కాస్త సమయంలో చేతికి అందకపోతే ఎక్కువమంది ఇంకో దారి వెతుక్కోరు. శ్రీలంక బాగా విషపూరితమైన పురుగుమందులను వరసగా నిషేధించాక అక్కడ ఆత్మహత్యల రేటు రెండు దశాబ్దాల్లో దాదాపు 70 శాతం పడిపోయింది.

మర్నాడు ప్రశాంతంగా ఉన్నప్పుడు ఒక నోట్‌బుక్ పేజీ మీద సేఫ్టీ ప్లాన్, అంటే ఆ ఆలోచన మళ్లీ వస్తే ఏం చేయాలో వరసగా, రాయించండి. బార్బరా స్టాన్లీ, గ్రెగరీ బ్రౌన్ అనే ఇద్దరు రూపొందించిన పద్ధతి ఇది, కౌన్సెలర్ దగ్గర రాయిస్తే ఇంకా మంచిది. ఆరు అంశాలుంటాయి. ఆలోచన మొదలయ్యే ముందు కనిపించే గుర్తులు. తనంతట తాను చేసుకోగలిగే పని. మనసు మళ్లించే మనుషులు, చోట్లు. సాయం అడగగలిగే పెద్దవాళ్లు. డాక్టరు, హెల్ప్‌లైను నంబర్లు. ఇంట్లో ఏవి దూరంగా పెట్టాలి. రాయాల్సింది పిల్లాడే, వాడి మాటల్లోనే. 'ఆ గ్రూపు మెసేజీలు మళ్లీ మళ్లీ చదవాలనిపిస్తుంది' అని వాడు రాస్తే అదే గుర్తు. రెండో చోట మనం 'హనుమాన్ చాలీసా చదువుకో' అని రాయించకూడదు, వాడికే అది తోస్తే చాలా మంచిది. పేజీ ఫొటో తీసి వాడి ఫోన్లో ఉంచండి.

స్కూలు సంగతి ఇప్పుడు. ఫోన్లో, గేటు దగ్గర కాదు, ఈమెయిల్ రాయండి. క్లాస్ టీచరుకు, ప్రిన్సిపాల్‌కి కాపీ. ఏ తేదీ, ఏ పీరియడ్, ఏ చోట, ఎవరేమన్నారు, ఎవరు చూశారు, ఆవేశం లేకుండా. రాసేముందు పిల్లాడి చేత స్కూలు పటం గీయించి, భయం వేసే చోట్లకు ఎర్ర రంగు వేయించండి. గంటసేపు అడిగినా చెప్పనిది ఆ పటంలో బయటపడుతుంది, స్కూలుకూ ఎక్కడ మనిషిని నిలబెట్టాలో తెలుస్తుంది. అడగాల్సింది శిక్ష గురించి కాదు. బస్సులో ముందు సీటు, ఆ చోట్లలో పెద్దవాళ్ల నిఘా, పిల్లాడు ఎప్పుడైనా వెళ్లగలిగే ఒక టీచరు పేరు, జవాబుకు ఒక తేదీ. మెయిల్ పంపేముందు అది పిల్లాడికి చదివి వినిపించండి. 'చెబితే ఇంకా ఎక్కువ చేస్తారు' అన్నది వాడి భయం, అది ఊరికే పుట్టింది కాదు.

నిజంగానే ఎక్కువ చేసేది స్కూళ్లు తరచూ చేసే ఒక పని వల్లే. ఇద్దరినీ పిలిచి, ఎదురెదురుగా నిలబెట్టి, సారీ చెప్పించి, చేతులు కలిపించడం. సమానులైన ఇద్దరి మధ్య గొడవకు అది పనికొస్తుంది. ఇక్కడ సమానత్వం లేదు కాబట్టి ఆ షేక్‌హ్యాండ్ ధర బస్సు వెనక సీటులో వసూలవుతుంది. 'మా వాడికి ఎదురెదురుగా కూర్చోబెట్టే మీటింగు వద్దు' అని మెయిల్లోనే రాసేయండి. తరగతిలో పేరు చెప్పి ఉపన్యాసం ఇవ్వడం కూడా అలాంటిదే. బాగా పనిచేసేది చుట్టూ చూస్తూ నిలబడే పిల్లలతో. కెనడాలో ఆటస్థలాల్లో వీడియో తీసి చూస్తే, తోటి పిల్లలెవరైనా కల్పించుకున్నప్పుడు సగానికి పైగా సందర్భాల్లో, 57 శాతంలో, ఏడిపింపు పది సెకన్లలోపే ఆగిపోయింది. అంటే మీ పిల్లాడి పక్కన కూర్చునే ఒక్క స్నేహితుణ్ని సంపాదించడం ఏ వార్నింగ్ కన్నా విలువైనది. బిహార్‌లోని నలందా జిల్లా స్కూళ్లలో జరిగిన సెహెర్ ప్రయోగం 2018లో ప్రచురితమైంది. బయటి నుంచి వచ్చిన లే కౌన్సెలర్ (నిపుణుడు కాకపోయినా శిక్షణ పొందిన మనిషి) నడిపిన స్కూళ్లలో బుల్లీయింగ్, డిప్రెషన్ తగ్గాయి. అదే కార్యక్రమం టీచర్లకే అప్పగించిన చోట ఫలితం రాలేదు. పాఠాలు, పరీక్షల బరువుతో ఉన్న టీచరు మీద ఇదీ వేస్తే జరగదని నేను దాని నుంచి అర్థం చేసుకుంటాను.

సీబీఎస్‌ఈ 2015 మార్గదర్శకాల ప్రకారం వైస్ ప్రిన్సిపాల్, కౌన్సెలర్, తల్లిదండ్రుల ప్రతినిధి వంటివాళ్లతో యాంటీ బుల్లీయింగ్ కమిటీ ఉండాలి, సభ్యులెవరో అడగండి. 2025 జూలై 25న సుప్రీంకోర్టు, విశాఖపట్నంలో 17 ఏళ్ల నీట్ విద్యార్థిని మృతి కేసులో, 100 మంది లేదా అంతకన్నా ఎక్కువ విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో కనీసం ఒక అర్హత ఉన్న కౌన్సెలర్ ఉండాలని, హెల్ప్‌లైను నంబర్లు కనిపించేలా పెట్టాలని ఆదేశించింది. ఏడిపించేది టీచరే అయితే విద్యాహక్కు చట్టం 17వ సెక్షను మానసిక వేధింపునూ నిషేధిస్తుంది. స్కూలు కదలకపోతే బీఈఓకి (బ్లాక్ విద్యాధికారి), ఆపైన డీడీపీఐకి (జిల్లా స్థాయి విద్యాధికారి), కర్ణాటక బాలల హక్కుల కమిషన్‌కి ఫిర్యాదు చేయొచ్చు. పిల్లాడు ప్రయత్నించి ఆసుపత్రికి తీసుకెళ్లాల్సి వస్తే అక్కడ 'పొరపాటున మింగాడు' అని అబద్ధం చెప్పేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, పోలీసు కేసు భయంతో. 2017 మానసిక ఆరోగ్య చట్టం 115వ సెక్షను ప్రకారం ప్రయత్నించిన మనిషి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్ష ఉండదు. డాక్టరుకు నిజం చెప్పండి, ఏం తీసుకున్నాడో తెలిస్తేనే వైద్యం సరిగ్గా జరుగుతుంది.

ఇన్‌స్టాగ్రామ్‌లోనో స్నాప్‌చాట్‌లోనో జరుగుతుంటే బ్లాక్ చేసేముందు యూజర్ పేరు, తేదీ, సమయం కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీయాలి. పిల్లాడి నగ్న చిత్రమో మార్ఫింగ్ చేసిన చిత్రమో అయితే మాత్రం దాన్ని మీ ఫోన్‌కి గానీ, బంధువుకి గానీ, టీచరుకి గానీ ఫార్వర్డ్ చేయొద్దు. మైనర్ల అలాంటి చిత్రాలు పంపడమే నేరం. ఆ ఫోన్లోనే ఉంచి పోలీసులకు చూపించండి, పిల్లల మీద లైంగిక నేరాల చట్టం పోక్సో కింద వస్తుంది. జాతీయ సైబర్ నేరాల పోర్టల్లో ఫిర్యాదు చేయొచ్చు. 18 ఏళ్లలోపువాళ్ల చిత్రాలను తొలగించడానికి 'టేక్ ఇట్ డౌన్' అనే ఉచిత సేవ ఉంది, చిత్రాన్ని అప్‌లోడ్ చేయకుండానే దాని డిజిటల్ గుర్తును మాత్రం పంపుతుంది. కోపంలో పిల్లాడి ఫోన్ లాక్కోవడం వల్ల ఊళ్లో ఉన్న పాత స్నేహితులూ దూరమవుతారు, ఇంకోసారి మనకు చెప్పడు. రాత్రి పదింటికి ఇంట్లో అందరి ఫోన్లూ, మనవి కూడా, హాల్లో ఛార్జింగ్‌కి పెట్టడం మంచి కట్టుబాటు.

ఆసుపత్రి నుంచి వచ్చాక మొదటి వారం, ఆ తర్వాత మూడు నెలలు ప్రమాదం ఎక్కువగా ఉండే కాలం. డాక్టరు డిప్రెషన్ మందు రాస్తే పూర్తి ఫలితం కనిపించడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మొదటి వారాల్లో చిరాకు, అసహనం పెరిగితే వెంటనే చెప్పాలి, మనంతట మనం ఆపకూడదు. స్కూలుకు తిరిగి పంపేముందు కౌన్సెలర్‌తో కూర్చుని నాలుగు విషయాలు తేల్చుకోండి. మొదటి వారం సగం రోజే. ఊపిరాడనట్టు అనిపిస్తే కారణం చెప్పకుండా క్లాసు బయటికి వెళ్లడానికి ఒక కార్డు. పోయిన పాఠాల్లో ఏవి వదిలేయొచ్చో రాతపూర్వకంగా. 'ఇన్నాళ్లు ఎక్కడికెళ్లావ్' అని అడిగినవాళ్లకు పిల్లాడు చెప్పే జవాబు. 'ఒంట్లో బాలేదు, ఇప్పుడు ఫర్వాలేదు' అన్నంత చిన్నదైనా ముందే అనుకుని ఉంటే మొదటి పొద్దున గండం గడుస్తుంది. స్కూలు మార్చడం కొన్నిసార్లు తప్పదు, కానీ సంక్షోభం మధ్యలో కాదు. ఉన్న ఒకరిద్దరు స్నేహితులూ పోయి, కొత్త చోట మళ్లీ అదే ఒంటరితనం మొదలవుతుంది.

అవతలి ఫోను మనకే రావచ్చు. మన పిల్లాడే ఇంకొకరిని, ఈశాన్య రాష్ట్రాల నుంచి వచ్చిన పిల్లనో, నల్లగా ఉన్న అబ్బాయినో, ఏడిపిస్తున్నాడని. 'మా వాడు అలాంటివాడు కాదు' అని పెట్టేయకండి. బెల్టు తీయడం అంతకన్నా చేటు, బలమున్నవాడు బలం లేనివాణ్ని కొట్టొచ్చన్న పాఠాన్నే అది మళ్లీ నేర్పుతుంది. తేదీ, చోటు, మాటలు అడిగి రాసుకోండి, ఫోన్ చేసినందుకు థ్యాంక్స్ చెప్పండి, రెండు రోజుల్లో తిరిగి చేస్తానని చెప్పి చేయండి. ఆ సాయంత్రం పిల్లాడితో, ఏం చేశావో నాకు తెలిసింది, అది ఆగాలి, ఎందుకు చేయాలనిపించిందో మాత్రం నేను వింటాను అని కూర్చోండి. బస్సులో సీటు మార్చమని మీరే స్కూలుకు రాయండి. వాణ్నీ నిద్ర, తిండి, చచ్చిపోవాలన్న ఆలోచన గురించి అడగండి, జవాబు అవును అయితే పైన చెప్పిన వరసే ఇక్కడా వర్తిస్తుంది.